సూర్యాపేటలో మంచు కురిసిన చలికాలం

మాది దూదేకుల ఇల్లు. మసీదుకు పోతే వెనక వరుస, గుడికి పోతే గడప బయట. ఉర్దూ మాట్లాడే చుట్టాలు మమ్మల్ని తెలుగోళ్ళనేవాళ్ళు, తెలుగోళ్ళేమో తురకలనేవాళ్ళు. మా తాతకు ఉర్దూలో తిట్లు తప్ప ఇంకో ముక్క వచ్చేది కాదు. ఆ తిట్లయినా సరిగ్గా వచ్చేవని నేను పూచీ పడలేను. అయినా చలికాలం వచ్చిందంటే అందరికీ మేమే కావాలి. ఏ దేవుడికి మొక్కినా చలికి అందరూ ముడుచుకునే పడుకునేవాళ్ళు కదా.

కార్తీకం వస్తే కోదాడలో కోమటిండ్ల ఆడవాళ్ళు దీపాల వత్తులకు మా దగ్గరే దూది తీసుకునేవాళ్ళు. తాత దాన్ని అరుగు మీద పెట్టి పక్కకు తప్పుకుంటే, వాళ్ళు దాని మీద ఇన్ని పసుపునీళ్ళు చల్లి లోపలికి తీసుకుపోయేవాళ్ళు. తడిసిన దూదితో వత్తి చేస్తే చిటపటలాడుతుందని తాత ప్రతి ఏడూ చెప్పేవాడు. వాళ్ళు ప్రతి ఏడూ చల్లేవాళ్ళు. మా దూది శివుడి ముందు వెలిగేది, మేము అరుగు కింద నిలబడి చెప్పులు వెతుక్కునేవాళ్ళం.

ఆ ఏళ్ళలో మొహర్రం పీరీల పండుగ కూడా చలికాలానికే పడేది. పీరు గద్దె మీది మెత్తలు తాతే ఏకి కుట్టేవాడు. సంక్రాంతి ముందు గంగిరెద్దులవాళ్ళు వచ్చి, ఎద్దు మీది బొంతలో కూరుకోవడానికి పాత దూది అడిగి పట్టుకుపోయేవాళ్ళు. శివుడికి, పీరుకు, ఎద్దుకు అంతా ఒకే బస్తాలోది. ఈ సంగతి వాళ్ళలో ఎవరి ముందూ నోరు జారొద్దని నాయినమ్మ నాకు మాటలు వచ్చిన కొత్తల్లోనే నేర్పింది.

తాత విల్లు ఆయన కంటే పొడుగు. దానికి నరంతో చేసిన తీగ బిగించి ఉండేది. చేతి కొయ్యతో ఆ తీగ మీద కొడితే టుంయ్ మని మోగి, కింద గడ్డకట్టిన దూది విడిపోయి తెల్లగా పైకి లేచేది. వీధి మొదట్లో ఆ మోత వినపడితే చాలు, ఇళ్ళలోంచి పాత పరుపులన్నీ బయటికొచ్చేవి. కార్తీకంలో కోదాడ, చిలుకూరు వైపు, పుష్యంలో మిర్యాలగూడ వైపు, నడుమ నడుమ సూర్యాపేటలో ఇంటికి. మా వాళ్ళలో ఒక పట్టింపు ఉండేది. ఒకరు ఏకడం మొదలుపెట్టిన పరుపును ఇంకొకరు ముట్టరు. ఎంత డబ్బిస్తామన్నా ముట్టరు. ఒకరు తిని లేచిన కంచంలో ఇంకొకరు చెయ్యి పెడతారా అనేవాడు తాత.

మా నాయిన ఈ పని చేయలేదు. దూది పీలిస్తే దగ్గొస్తుందని మిర్యాలగూడలో బియ్యం మిల్లుకు పోయి, అక్కడ ఊక పీల్చుకుంటూ దగ్గేవాడు. అమ్మ ఆయనతోనే ఉండేది. నేను సూర్యాపేటలో తాతా నాయినమ్మల దగ్గర ఉండి మిషను బళ్ళో చదువుకునేదాన్ని.

ఇగ తాత విల్లు చిలక్కొయ్యకు ఎందుకెక్కిందో చెప్పాలి. నిజాం రాజ్యం పోయిన ఏటి చలికాలం. అంతకు ముందు రజాకార్ల భయం, ఆ తర్వాత వాళ్ళను వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ భయం. ఎవరు ఎవరికి భయపడుతున్నారో తెలియక ప్రతి ఊరి ముందూ కుర్రవాళ్ళు కట్టెలు పట్టుకుని కాపలా కాసేవాళ్ళు. తాత మిర్యాలగూడ బాటలో ఒక ఊరు చేరేసరికి పొద్దుగూకింది. మసక చీకట్లో గడ్డం మనిషి, భుజం మీద ఇంత పొడుగాటిది. ఎవరో ‘తుపాకి’ అని అరిచారు. అందరూ వచ్చి చుట్టుముట్టారు. నేను దూదేకులోణ్ణి నాయనా అన్నాడు తాత. అయితే ఏకి చూపించమన్నారు. ఒక గొల్లాయన ఇంట్లోంచి పరుపు పట్టుకొచ్చి, కుట్లు విప్పి దూది ముందర పోశారు. చుట్టూ కట్టెలు, నడుమ కందిలి దీపం. తాత కూర్చుని ఏకాడు. సగం అయ్యేసరికి కుర్రవాళ్ళకు భయం పోయి నవ్వులు మొదలయ్యాయి. తుపాకి బాగానే పాడుతోందని ఒకడన్నాడట. తాత లేచి, మిగతా సగం అట్లాగే వదిలేసి, వాళ్ళిచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఇంటికి నడిచి వచ్చాడు.

వచ్చి విల్లును గోడకున్న చిలక్కొయ్యకు తగిలించాడు. “నా విల్లును తుపాకన్నరు” అని ఒక్క మాటే అన్నాడు. ఆయన మీద ఒక్క దెబ్బ పడలేదు, ఎవరూ చెయ్యెత్తలేదు. అందుకని నాయినమ్మకు మొదట అర్థం కాలేదు. బతుకంతా ఇంటింటికీ మెత్తటి నిద్ర మోసుకుపోయిన మనిషిని, చంపడానికి వచ్చినవాడనుకున్నారు. ఆ అవమానం ఎంతటిదో నాకు పెద్దయ్యాకే తెలిసింది.

ఏడాది గడిచింది. విల్లు దిగలేదు. పని లేని మగవాడు ఇంట్లో ఉంటే ఏమవుతుందో నేనప్పుడు చూశాను. తాత పొయ్యి దగ్గర కూర్చుని పప్పులో ఉప్పెప్పుడు వెయ్యాలో నాయినమ్మకు చెప్పేవాడు. నా జడ వంకర పోయిందని విప్పించేవాడు. కోడి ఎక్కడ గుడ్డు పెట్టాలో కోడికి చెప్పేవాడు. కార్తీకం వచ్చిపోయింది, కోదాడ ఆడవాళ్ళు బజారు దూదితో సరిపెట్టుకున్నారు. పీరు పాత మెత్తల మీదే కూర్చుని లేచిపోయాడు. పండుగలన్నీ మా ఇంటి ముందు నుంచే పోతున్నాయి, ఏదీ లోపలికి రావడం లేదు. విల్లు దిగకపోతే ఈ మనిషి కూడా ఆ కొయ్యకే వేలాడి ఎండిపోతాడని నాయినమ్మ భయం. ఆ భయాన్ని ఆమె తిట్ల రూపంలో బయటపెట్టేది.

అప్పుడు మా పంతులమ్మ వచ్చింది. ఆమెది కోదాడ. కిరస్తానీ ఆమె, మాట మాత్రం బెజవాడ దిక్కుది. క్రిస్మస్‌కు మా బళ్ళో ఏసు పుట్టిన నాటకం వేస్తారు. నేను అందులో దేవదూతను. తురకల పిల్ల దేవదూత ఏమిటని ఎవరైనా అడుగుతారేమోనని నాయినమ్మ చాలా ఆశపడింది, జవాబు కూడా సిద్ధం చేసుకుంది. ఎవరూ అడగలేదు.

“తాతగారూ, నాటకానికి మంచు కావాలండీ,” అంది పంతులమ్మ. “మా బడి నడిపే దొరసానిగారి దేశంలో క్రిస్మస్ అంటే ఆకాశం నుంచి మంచు రాలాలంట. అచ్చం ఏకిన దూదిలాగే ఉంటుందంట. పాక మీదా, గొర్రెల చుట్టూ పరుద్దామనండీ.”

“మీరు సూసిన్రా?” అన్నాడు తాత.

“లేదండీ.”

“ఏసు వుట్టిన ఊళ్ళె వడ్తదా?”

“అదీ తెలీదండీ. దొరసానిగారు పడాలన్నారు.”

తాత మీసం దువ్వుకున్నాడు. “గంత సలిల పిల్లగాణ్ణి ఏడ పండవెడ్తరు?”

“పశువుల తొట్లో, గడ్డి మీద.”

“ఏం కప్పుతరు?”

పంతులమ్మ కాస్త ఆలోచించి, “పొత్తిగుడ్డలు,” అంది.

తాత ఆమె వైపు తిరిగాడు. “మంచు రాలంగ పొత్తిగుడ్డలా? రాజులు వస్తరంట గద దూరం నుంచి. బంగారం తెస్తరంట, సాంబ్రాణి తెస్తరంట. వాళ్ళల్ల ఒక్కడన్న దూది రజాయి తేలేదా?”

ఈ ప్రశ్న బైబిలు చదివినవాళ్ళకెవరికీ తట్టినట్టు లేదు. తాత గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. “దూది ఉన్నది పండెతందుకు, తొక్కెతందుకు గాదు. నేనయితే విల్లు పట్ట,” అన్నాడు.

“నేను జేసిస్త తియ్యమ్మా, నువ్వు పో,” అంది నాయినమ్మ.

పంతులమ్మ గడప దాటిందో లేదో, నాయినమ్మ గడ్డకట్టిన పాత దూదిని వాకిట్లో కుప్ప పోసి, ఒక చింతబరిగె తీసుకుని బాదడం మొదలుపెట్టింది. దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. కోడి పారిపోయింది. తాత గోడ వైపే చూస్తున్నాడు, కానీ ప్రతి దెబ్బకూ ఆయన భుజం ఎగిరిపడుతోంది.

“దూది ఏకుతున్నవా, పామును సంపుతున్నవా?” అన్నాడు చివరికి.

“నాకేం దెలుసు. ఇంట్ల తెలిసినోడు ఒకడుండె, పోయిండు.”

“ముసల్దానా, నోరు మంచిగుండాలె.”

“నోరు మంచిగనే ఉన్నది, బరిగెనే మంచిగ లేదు. ఓ పిల్లా, రోకలి వట్కరా.”

రోకలితో దూది దంచుతుందంటే తాత తట్టుకోలేకపోయాడు. రోకలి తేవడానికి నేను చాలా ఉత్సాహంగా పరిగెత్తానని కూడా చెప్పాలి. నేను తిరిగి వచ్చేసరికి చిలక్కొయ్య ఖాళీగా ఉంది. తాత వాకిలి తలుపులకు గడియ పెట్టి, వదులైన నరానికి తడి చేసి బిగిస్తున్నాడు. “బయటికి పోయేది లేదు. ఇంట్లనే,” అన్నాడు ఎవరూ అడగకుండానే. ఆ తర్వాత టుంయ్ మంది. ఏడాది తర్వాత మొదటిసారి ఆ మోత విని నాయినమ్మ లోపలికి పోయి పొయ్యి ఊదుతూ కూర్చుంది. పొయ్యిలో నిప్పు లేదు. తలుపులకు గడియ ఉంది గానీ మోతకు గడియ ఉండదు. మరునాడు పొద్దున పక్కింటామె గోడ మీదుగా తల పెట్టి, “దిగిండా?” అని అడిగింది. “సగం దిగిండు,” అంది నాయినమ్మ.

మంచు బస్తాలకెక్కింది. అది చాలక తాత ఇంకో పని కూడా పెట్టుకున్నాడు. నేను నిద్రపోయాననుకుని ఒక చిన్న రజాయి కుట్టాడు. మూరెడు పొడుగుంటుంది. కింది వైపు కోదాడ కోమటామె ఎప్పుడో ఇచ్చిన పాత చీర ముక్క. పై వైపుకు నాయినమ్మ పెట్టె తెరిచి ఒక ఆకుపచ్చ గుడ్డ తీసింది. అది పీరుకు కట్టిన దట్టీ. తాత మళ్ళీ బాట పట్టాలని ఆ ఏడు పీరుకు మొక్కి కట్టించి, పండుగయ్యాక పీర్ల సావిడి చూసే ముజావరు దగ్గర ప్రసాదంగా తెచ్చుకుంది. అంత పవిత్రమైన గుడ్డను కత్తిరించొచ్చా అని తాత అడిగితే, పెట్టెలో పడి ఉంటే పీరుకేం కనపడుతుంది అంది.

క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం బళ్ళో నాటకానికి అన్నీ సర్దుతుంటే పంతులమ్మ పరిగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది. బస్తాల్లో కూరి మోసేసరికి మంచు మళ్ళీ గడ్డలు కట్టిందట. పాక మీద వేస్తే ఇడ్లీలు ఆరబెట్టినట్టుందని దొరసాని ముఖం మాడ్చుకుందట. “అక్కడికే వచ్చి ఏకాలి తాతగారూ. మీరు రాకపోతే నాటకం పోతుంది,” అంది. తాత నా వైపు చూశాడు. నేను అప్పటికే గోధుమపిండి జిగురుతో అంటించిన దూది రెక్కలు కట్టుకుని, పూర్తిగా దేవదూతనై ఉన్నాను. ఆయన లేచి విల్లుకు గొంగడి చుట్టాడు.

ఆ గొంగడే కొంప ముంచింది. గొంగడి చుట్టిన పొడుగాటి వస్తువును భుజాన పెట్టుకుని, గోడల వెంబడి నక్కి నక్కి నడిచే గడ్డం మనిషిని చూసి తుపాకి అనుకోనివాడికి కళ్ళు లేవన్నట్టే. పక్కన రెక్కలున్న పిల్ల వేరే. సూర్యాపేట బజారు బజారంతా ఆగి చూసింది. చాయ్ హోటలు ముందు కూర్చున్న పోలీసాయన కప్పు దించి, “ఏయ్, ఏందది?” అన్నాడు.

తాత రాయిలా నిలబడిపోయాడు.  నాకు అప్పటిదాకా అదంతా ఆటగా ఉండింది, అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

మా వెనకే వస్తున్న నాయినమ్మ ముందుకొచ్చి గొంగడిని ఒక్క గుంజు గుంజింది. “తుపాకే. జర పేల్చి సూడు,” అని విల్లును పోలీసాయన ముందుకు తోసింది. ఆయన ఒక వేలితో తీగను లాగి వదిలాడు. అది మోగింది, ఆయన వేలు కూడా బాగానే కొట్టుకున్నట్టుంది, నోట్లో పెట్టుకున్నాడు. చాయ్ తాగేవాళ్ళంతా నవ్వారు. కానీ ఈసారి నవ్వు తాత మీదికి రాలేదు. “పోండ్రి పోండ్రి,” అన్నాడు పోలీసాయన వేలు తీయకుండానే. గొంగడి నాయినమ్మ కప్పుకుంది. మిగిలిన సగం బజారు తాత విల్లును బయటికే పెట్టుకుని నడిచాడు. బడి గేటు దగ్గర మాత్రం ఆగి, “ఇదే ఆఖరు. బాట పట్టేది లేదు,” అన్నాడు.

నాటకం పొద్దుగూకే వేళ బడి వరండాలో. కిరస్తానీలు ముందు వరుసలో, వేడుక చూడటానికి వచ్చిన మిగతా ఊరు వెనక. ముజావరు కూడా వచ్చాడు, ఎవరైనా అడిగితే అటుగా పోతూ ఆగానని చెప్పడానికి వీలుగా గోడ పక్కన నిలబడ్డాడు. గొర్రెలను, ఊరి బయట చేలల్లో మంద పెట్టుకున్న ఒక గొల్లాయన ఇచ్చాడు. ఆయన లేకుండా గొర్రెలు ఒకచోట నిలవవు. అందుకని గొల్లవాడి వేషం గొల్లవాడికే ఇచ్చారు. గొంగడి, కట్టె ఆయన సొంతమే. ఆయన చెయ్యాల్సిందల్లా ఊరికే కూర్చోవడం. కూర్చున్నాడు గానీ, తాత విల్లు పట్టుకుని తెర వెనక్కి పోయినప్పటి నుంచీ అటే తల తిప్పి చూస్తున్నాడు. మంచు కోసం చూస్తున్నాడని మేమనుకున్నాం.

తెర వెనక బల్ల మీద కూర్చుని తాత ఏకడం మొదలుపెట్టాడు. టుంయ్ టుంయ్ మంటుంటే దూది తెర పైకి లేచి, మెల్లగా ఇవతలి వైపు రాలింది. పాక మీద, గొర్రెల మీద, రాజుల అట్ట కిరీటాల మీద. జనమంతా తలలెత్తారు. సూర్యాపేటలో ఎవరూ అంతకు ముందు అలాంటిది చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఎంత అందంగా ఉందంటే, నేను చెప్పాల్సిన మాట మరిచిపోయాను.

ఆ తర్వాత తుమ్ములు మొదలయ్యాయి. ముందు యోసేపు తుమ్మాడు. తూర్పు నుంచి వచ్చిన రాజులు వరుసగా తుమ్మి కిరీటాలు పోగొట్టుకున్నారు. భయపడకండి అని గొల్లవాడికి నేను అభయమివ్వాలి. ‘భయ’ అనేసరికి నాకూ తుమ్మొచ్చింది. వెనక నుంచి ఎవరో లాగుతున్నట్టుంటే తిరిగి చూశాను. ఒక గొర్రె నా ఎడమ రెక్కను, గోధుమపిండి జిగురుతో సహా, తీరుబడిగా నములుతోంది. దొరసాని ముందు వరుసలో రుమాలుతో ముఖం మూసుకుంది. తన ఊరు గుర్తొచ్చి ఏడుస్తోందో, తుమ్ముతోందో ఎవరికీ తెలియలేదు.

ఆ గోలకు తొట్టిలో పడుకున్న బాల ఏసు లేచాడు. వాడు పంతులమ్మ కొడుకే, నెలల పిల్లగాడు. పొత్తిగుడ్డలు తన్నేసి, కాళ్ళు గాలిలో పెట్టి గుక్క తిప్పకుండా ఏడ్చాడు. మరియమ్మ వేషం వేసిన పిల్ల వాడిని ఊపి ఊపి తనే ఏడుపు ముఖం పెట్టింది. తెర వెనక మోత ఆగింది. తాత చంకలో రజాయి, చేతిలో ఏకే కొయ్యతో ఇవతలికి వచ్చాడు. “తాతగారూ, లోపలికెళ్ళండి,” అని పంతులమ్మ గుసగుసలాడింది. తాత వినలేదు. రాజులను పక్కకు జరిపి, తొట్టి దగ్గర కూర్చుని, పిల్లవాడి కాళ్ళకు అంటిన గడ్డి దులిపి, రజాయి కప్పి అంచులు లోపలికి దోపాడు. “సలి వెడ్తే ఏ పిల్లగాడన్న ఏడుస్తడు,” అన్నాడు అందరికీ వినపడేటట్టు. పిల్లవాడు వెక్కి వెక్కి ఊరుకున్నాడు.

“గది మా పీరు దట్టీ గద?” అని గోడ పక్క నుంచి ముజావరు గొంతు.

అందరూ అటు తిరిగారు. గొర్రె మాత్రం నములుతూనే ఉంది. నాయినమ్మ ముఖం పాలిపోయింది.  ముజావరు కాసేపు గడ్డం గోక్కున్నాడు. “ఏసంటే మా బీబీ మరియం కొడుకు ఈసా నబీయే గద. మనోడే. కప్పుండ్రి కప్పుండ్రి,” అని మళ్ళీ గోడకు ఆనుకున్నాడు.

తాత లేచి తెర వెనక్కి పోబోతుంటే గొల్లాయన కట్టె ఊతంగా లేచి నిలబడ్డాడు. నాటకంలో ఆయనకు మాటలు లేవు.

“తాతా, నన్ను గుర్తు వట్టినవా?” అన్నాడు.

తాత చూశాడు. లేదన్నట్టు తల ఊపాడు.

“ఆ పొద్దు మా ఊరి ముందల తుపాకి అని ఒర్రింది నేనే.”

తాత చేతిలోని కొయ్య కింద పడింది. గొల్లాయన ఏసు ముందర ఊరికే కూర్చోవాల్సిన చోట, ఏసును వదిలేసి తాత వైపు తిరిగి చెప్పుకుంటూ పోయాడు. “నువ్వు సగం ఏకి ఇడిసిపెట్టిపోయింది మా అవ్వ పరుపు. గొంగడి మీద పండెటోళ్ళం మేము. అవ్వకు పెయ్యంత నొప్పులని మొదటిసారి పరుపు గుట్టిచ్చిన. ఏడాది సంది తలకాడ మెత్తగున్నది, కాళ్ళకాడ గడ్డలు. మిర్యాలగూడల ఏకెటోళ్ళందర్ని అడిగిన. ఒకలు మొదలువెట్టింది మేం ముట్టమన్నరు. అవ్వ రోజు పొద్దుగాల లేస్తనే నన్ను తిడ్తది. మంచోణ్ణి వట్టుకొని తుపాకోడంటివి, నా కాళ్ళు గిట్ల జేస్తివి అంటది. నీ ఇల్లు యాడనో తెల్వక, మంద తోల్కొని ఊరూరు అడుగుకుంట వచ్చిన.”

ఎవరూ తుమ్మలేదు. 

“పరుపును తిప్పేసుకోరాదు?” అన్నాడు తాత.

“తిప్పేస్తె తల నొస్తదంటది.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గొల్లాయన నవ్వలేదు. “తప్పయింది తాతా. ఒక్కసారి రా,” అన్నాడు.

నేను నాయినమ్మ వైపు చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. తాత వంగి కొయ్య తీసుకున్నాడు. దాన్ని తుడుచుకున్నాడు. “నీ గొర్రె నా మనుమరాలి రెక్క తింటున్నది. ముందుగాల దాన్ని వట్టు,” అని తెర వెనక్కి పోయాడు. అది అవునో కాదో ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత తెర పైనుంచి ఎంత మంచు పడిందంటే, నాటకం ఆఖరున పాక కనపడలేదు.

మరునాడు క్రిస్మస్. పంతులమ్మ రజాయి తిరిగి ఇవ్వడానికి వస్తూ, దాంతోపాటు గిన్నె నిండా కజ్జికాయలు తెచ్చింది. తాత ఇంట్లో లేడు. పొద్దున్నే లేచి, నాయినమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు మూటగట్టుకుని మిర్యాలగూడ బాట పట్టాడు. గొంగడి తీసుకుపోలేదు. వీధి చివర ఒకసారి ఆగి తీగను మీటిన మోత మా ఇంటి దాకా వినిపించింది. రజాయి పిల్లవాడి దగ్గరే ఉంచమంది నాయినమ్మ. కజ్జికాయలు మాత్రం వద్దనలేదు.

ఆయన పోయిన దగ్గర నుంచి నాయినమ్మకు కాలు నిలవలేదు. వీధుల్లో ధనుర్మాసపు ముగ్గులు పెద్దవవుతున్నాయి. సకినాలకు పిండి దంచే రోకళ్ళు మోగుతున్నాయి. బాట మీద ఎవరైనా ఆపారేమోనని ఆమె మిర్యాలగూడ నుంచి వచ్చే ప్రతి బండివాణ్ణీ అడిగేది. తాత భోగి ముందు సాయంత్రం ఇంటికొచ్చాడు. ఒంటి నిండా దూది, చంకలో నువ్వుల మూట. విల్లును చిలక్కొయ్యకు తగిలించి కాళ్ళు కడుక్కున్నాడు.

“ఆపిన్రా?” అంది నాయినమ్మ ఉండబట్టలేక.

“ఆపిన్రు. ఆ పోరగాండ్లే. ఊరి ముందల్నే.”

నాయినమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. “ఏమన్నరు?”

“ముందు మా ఇంటికి రావాలంటే ముందు మా ఇంటికి రావాలని విల్లు వట్టుకొని గుంజిన్రు. నరం తెగుతదని నేనే ఒర్రిన.” తాత కాళ్ళు తుడుచుకుంటూ, “ముసలవ్వ పరుపు ఖతం జేసిన. నిలవడి ఏకిచ్చుకున్నది. సగంల మళ్ళ లేచి పోతనేమోనని నా చెప్పులు దాచింది,” అన్నాడు. ఆ ఏడాదిలో ఆయన నవ్వడం అదే మొదలు.

తెల్లవారుజామున వీధి నడుమ భోగి మంట వేశారు. పాత చేటలు, విరిగిన పీటలు, ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి వేస్తున్నారు. మాకు భోగి లేదు. అయినా నాయినమ్మ ఇంట్లోంచి వచ్చి తన వంతు కట్టె మంటలో వేసింది. నల్లగా నున్నబడ్డ టేకు కొయ్య. పక్కింటామె చూసి, మంచి కొయ్య కదా ఎందుకు కాల్చడమని అడిగింది. పాతదయిందంది నాయినమ్మ.

తాత నిద్ర లేచి విల్లు కోసం గోడ తడిమాడు. విల్లు నేల మీద, గోడకు ఆనించి ఉంది. పైన కొయ్య ఉండాల్సిన చోట బొక్క. ఆయన కాసేపు ఆ బొక్కనూ, తలుపులోంచి కనపడుతున్న మంటనూ చూశాడు.

“మరి దీన్ని ఏడ పెట్టాలె?” అన్నాడు.

“భుజం మీద,” అంది నాయినమ్మ.